కోరం కుదరని ఎండాకాలం

కూలర్ మూతి ఎటు తిప్పాలన్న దగ్గర మా ఇంట్లో ఆ ఎండాకాలం మొదలైంది.

ముందుగదికంతా అదొక్కటే కూలర్. అందరికీ కొంచెం కొంచెం గాలి అందేట్టు నేను దాన్ని మధ్యకు పెడతాను. ఆ మధ్యాహ్నం వంటిల్లు సర్ది వచ్చేసరికి అది గోడవైపు తిరిగి ఉంది. బల్ల దగ్గర నా తోటికోడలు ప్రణాలి రాసుకుంటూ కూర్చుంది.

"కూలర్ ఎవరు తిప్పిన్రు?"

"నేనే అక్కా. కాగితాలు ఎగురుతున్నయి."

"కాగితాల మీద గిన్నె బోర్లించుకో. అత్తమ్మకు గాలి తగుల్తలేదు."

"అత్తకు గాలి తగిల్తే మోకాళ్ళు గుంజుతయంట. ఆమెనే చెప్పింది."

చాప మీద పడుకున్న మా అత్త రాజక్క కళ్ళు తెరవకుండానే, "నన్ను నడుమల గుంజకుండ్రి," అంది.

నేను కూలర్‌ను తిప్పాను. ప్రణాలి లేచి దాన్ని సగం వెనక్కి తిప్పింది. నేను ఆ సగాన్ని మళ్ళీ సరిచేశాను.

"నీళ్ళు పోసేదొకరు, గాలి తగిలేదొకరికా?" అన్నాను.

"అయితే రేపటి సంది నీళ్ళు నేను పోస్త," అని ఆమె కాగితాలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. నిజంగానే మర్నాడు నా కంటే ముందు లేచి నీళ్ళు పోసింది. ప్రణాలితో ఉన్న చిక్కు అదే. అన్నది చేస్తుంది. కోపం నిలుపుకోవడానికి మనకు ఆధారం దొరకనివ్వదు.

ఆమె రాస్తున్నది మా కాలనీ సొసైటీ మినిట్స్. మరాఠీ గడ్డ మీది ఈ బొగ్గు గనుల్లో పనికి మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు కలిసి కట్టుకున్న కాలనీ మాది. కమిటీలో తొమ్మిది మంది. అందులో ఐదుగురు వస్తేనే కోరం, అప్పుడే సభ. గనిలో కూలీల పని చూసే సర్దారుగా చేసి రిటైరైన ఆశన్న చైర్మన్. సెక్రటరీ ప్రణాలి.

ఆమెకు ముందు సెక్రటరీ మా ఆయన మారుతి. ఆయన సభ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, "ఇగో, గిట్ల అన్నరు, గట్ల అన్నరు," అని చెప్పేవారు. నేను తెలుగులో తీర్చి రాసేదాన్ని. ఎవరు ఏం అడిగారు, ఏం తేలింది, ఏం తేలలేదు, అన్నీ. ఆయన ఆఫీసులో ఒకతను దాన్ని మరాఠీలోకి మార్చి పుస్తకంలోకి ఎక్కించేవాడు. కింద మా ఆయన సంతకం. మారుతి మంచిగ రాస్తడని కాలనీలో పేరు. నేను మంచిర్యాలలో డిగ్రీ చదివిన సంగతి ఆ పేరులో ఎక్కడా లేదు.

తర్వాత కమిటీలో ఆడవాళ్ళకు సీట్లు పెట్టారు. మా ప్లాటు మా ఆయన పేరున ఉంది. పక్క ప్లాటును మా మరిది ఎల్లేష్, ఆడవాళ్ళ పేరున రిజిస్ట్రేషన్ చేస్తే ఖర్చు తగ్గుతుందని, పెళ్ళాం పేరున కొన్నాడు. అందుకని ప్రణాలి సొసైటీ సభ్యురాలు, నేను కాను. రిజిస్ట్రీ ఆఫీసులో దొరికిన ఆ తగ్గింపే ఆమెను సెక్రటరీని చేసింది. పైగా బల్లార్పూర్‌లో పుట్టి మరాఠీ మీడియంలో చదివిన పిల్ల. రాసింది రాసినట్టే పుస్తకంలోకి పోతుంది, ఎవరూ మార్చక్కర్లేదు.

ఆమె రాత బాగుండదని చెప్పుకోగలిగితే నాకు కొంత హాయిగా ఉండేది. పేజీలకు ముందే నంబర్లు వేస్తుంది. తీర్మానానికీ తీర్మానానికీ మధ్య ఎవరూ ఏమీ ఇరికించకుండా గీత గీస్తుంది. తరువాతి సభ ఒప్పుకునేదాకా పైన 'మసుదా' అని రాసి ఉంచుతుంది, అంటే ముసాయిదా. నేను పుస్తకం తెరిచినప్పుడల్లా ఒక్క కొట్టివేత కోసం వెతికేదాన్ని.

ఆ ఏప్రిల్ సభలో ఒక తీర్మానం నాది. నాది అంటే, ఆలోచన నాది. మా అమ్మాయి అక్షితకు తెలుగు గలగలా వస్తుంది, చదవడం రాదు. మా చెల్లెలు పంపిన పెళ్ళి కార్డు చూసి, "మమ్మీ, ఇది డిజైనా, అక్షరాలా?" అని అడిగింది. కాలనీలో పిల్లలంతా అంతే. సొసైటీ హాలు వెనక ఒక గది ఖాళీగా ఉంది. అందులో సాయంత్రాలు పిల్లలకు తెలుగు చెప్తానని మా ఆయనతో అన్నాను. ఆయన సభలో పెట్టారు. ఆరుగురు వచ్చారు, అందరూ సరేనన్నారు. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన తర్వాత ఇంటి బయట నాదంటూ అడిగింది ఆ గది ఒక్కటే.

కూలర్ గొడవ జరిగిన సాయంత్రం ప్రణాలి ముసాయిదాను బల్ల మీద పెట్టి పాలకు వెళ్ళింది. మరాఠీ నేను నెమ్మదిగా చదవగలను. తలుపు వైపు చూస్తూ చదివాను. 'హాలు వెనక గదిని తెలుగు నేర్పించడం మొదలైన పనులకు మారుతి గారి ఇంటివారికి ఇవ్వాలని ఏకగ్రీవంగా నిర్ణయించడమైనది.'

ఆమె తిరిగి వచ్చేవరకు నిలబడే ఉన్నాను.

"ఇదేంది ప్రణాలీ? 'ఇంటివారికి' ఏంది? నా పేరేది?"

ఆమె పాల ప్యాకెట్లు దించి నిమ్మళంగా చూసింది. "ఆశన్న మామ గట్లనే అన్నడక్కా. 'మారుతి ఇంటోళ్ళకిద్దాం, పిల్లలకు తెలుగు గిట్ల నేర్పుతరు' అన్నడు. బావ 'హా' అన్నడు. నీ పేరు ఎవ్వరూ తియ్యలే."

"చెప్పేది నేనని అందరికీ తెలుసు గదా."

"తెలుసు. గాని అనలే. అనని మాట నేనెట్ల రాయాలె?"

"'గిట్ల' అన్న మాటను 'మొదలైన పనులు' అని రాసినవు. అది మాత్రం దొరికిందా నీకు?"

ఆమె ముఖం కొంచెం ఎర్రబడింది. "తప్పనిపిస్తే సభల చెప్పాలె. వచ్చే సభల చదివినప్పుడు బావను లేచి అడగమను. అప్పుడు దురుస్తీ చేస్తరు."

గుమ్మంలో బూట్లు విప్పుతున్న ఎల్లేష్ ఇదంతా విని నవ్వాడు. "మంచిదే గద వదినె! ఇంటోళ్ళకంటే ఇద్దరికీ అయితది. మీరు తెలుగు, ఈమె లెక్కల ట్యూషను."

ప్రణాలి "నువ్ గప్ బస్," అని మొగుణ్ణి కసిరింది. కానీ ట్యూషన్ లేదు, పెట్టను అని మాత్రం అనలేదు. నేను కూరగాయలు తరుగుతూ ఆ అనని మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాను. అనని మాటలు రాయకూడదేమో గానీ, నాకు స్పష్టంగా వినిపిస్తాయి.

మర్నాడు ఆశన్న ఇంటికి వెళ్ళాను. ఆయన మామిడికాయ ముక్కలు ఎండబోస్తూ నా మాట మొత్తం విన్నాడు.

"బిడ్డా, నిర్ణయం అయితే అయింది. ఆ మాట నీకు ఒప్పుకోలైతే ఇప్పుడే తాళం తీస్కపో. లేదు, రాత తప్పున్నదంటవా, మినిట్స్ పాసయ్యేదాక ఆగాలె. రేపు ఇంకొకరొచ్చి గది నాదంటే నేనేం చూపెట్టాలె?"

తాళంచెవి ఆయన గోడకు, క్యాలెండర్ పక్కన వేలాడుతోంది. చెయ్యి చాస్తే అందుతుంది.

"ఆగుత," అన్నాను.

మే నెల సభ నాటికి కాలనీ సగం ఖాళీ. పెళ్ళిళ్ళు. మంచిర్యాలలో ఒకటి, కాగజ్‌నగర్‌లో రెండు, రాజురాలో ఒకటి. ఉన్నవాళ్ళు ఎండకు జడిసి సందు దాటడం లేదు. హాలుకు నలుగురే వచ్చారు. ఆశన్న, మా ఆయన, ప్రణాలి, పోశం. పోశం పెళ్ళిళ్ళకు వంటసామాను కిరాయికిస్తాడు, ఎప్పుడూ బండికి స్టాండు వెయ్యకుండానే మాట్లాడే మనిషి. నేను మజ్జిగ క్యాను తీసుకుని వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. సభ్యురాలిని కాను కాబట్టి నా హద్దు గుమ్మం.

కాసేపటికి రుక్కమ్మ పెద్దమ్మ కొంగు నెత్తిన కప్పుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది.

"మా శ్రావణ్‌కుమార్ మాజ్రి గనిల డ్యూటీకి పోయిండు. నేనొచ్చిన. ఇంటికొకరుంటే సాలు గదా."

"అయిపాయె, ఐదుగురైన్రు," అన్నాడు పోశం. "చదువమ్మా జల్ది."

మాలో అది పెద్ద మాటేం కాదు. పెళ్ళికి, చావుకు, కులంలో తగువుకు, దేనికైనా ఇంటికొక మనిషి వస్తే ఆ ఇల్లు వచ్చినట్టే. తండ్రి బదులు కొడుకు, కొడుకు బదులు తల్లి. ఎవరూ లెక్క అడగరు.

ప్రణాలి పెన్ను మూత తియ్యలేదు. "నలుగురే ఉన్నరు మామా."

రుక్కమ్మ చుట్టూ చూసింది. "ఏమే, నేను కనబడ్తలేనా నీకు?"

అందరూ నవ్వారు. ప్రణాలి కూడా నవ్వింది. "కనబడ్తున్నవు పెద్దమ్మా. గాని కమిటీల ఉన్నది శ్రావణన్న, నువ్వు కాదు. కమిటీల ఇంటికొకరు అని లేదు."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "సరే, కోరం లేదనుకుందాం. ఏప్రిల్ సభల మేం నలుగురం ఉంటిమి గదా. అప్పుడు ఏమన్నమో మాకు తెలుసు. మేం ఒప్పుకుంటే ఆ మినిట్స్ పాసైనట్టే గదా?"

"ఆ రోజు ఎవరున్నరనేది కాదు బావా. ఈ రోజు సభ ఉన్నదా లేదా అనేది. సభనే లేనప్పుడు పాస్ చేసేదెవరు?"

"మరి గది సంగతి?"

"నిర్ణయం ఎటూ పోదు. ముసాయిదా ముసాయిదా లెక్కనే ఉంటది. వచ్చే సభల మల్ల పెడ్త."

ముగ్గురు మగవాళ్ళూ ఆమె పెన్ను వైపు చూస్తూ కూర్చున్నారు. అరగంట ఎదురుచూసి, వచ్చినవాళ్ళ పేర్లు రాసి, కోరం లేనందున ఏ నిర్ణయమూ జరగలేదనీ, ఏప్రిల్ మినిట్స్ ఆమోదానికి పెట్టలేదనీ రాసి, ఆమె పుస్తకం మూసింది. మా ఆయన సెక్రటరీగా ఉన్న రోజుల్లో ఎవరూ అలా ఆయన పెన్ను వైపు చూడలేదు. ఎలా చూస్తారు? ఆ పెన్ను మా వంటింట్లో ఉండేది.

ఆమె చెప్పింది సరైనదే. ఆ చోట నేను కూర్చుని ఉంటే అక్షరం మారకుండా అదే చెప్పేదాన్ని. అందుకే మజ్జిగను ఆమె గ్లాసులో అందరికంటే చివర పోశాను.

ఆ రోజు నుంచి నేను ఆమెను వదిలిపెట్టకుండా చూడటం మొదలుపెట్టాను. ఆమె స్టేషనరీ దుకాణం నుంచి తెల్లబోర్డు ధర కనుక్కుని వస్తే చూశాను. పక్కింటి పిల్లవాడికి భిన్నాలు చెప్తుంటే, వాడు ఎంత తొందరగా పట్టుకుంటున్నాడో చూశాను. అత్త ఆమెను "నా చిన్న సెక్రటరీ" అని పిలిస్తే, ఎవరితో అంటుందో చూశాను. కరెంటు పోయిన ఒక సాయంత్రం ఆమె మెట్ల మీద కూర్చుని అక్షితకు మరాఠీ కవిత చదివి వినిపించింది. అక్షిత ఆమె భుజం మీద తల పెట్టి వింది. తెలుగు నేర్చుకోమంటే నా దగ్గర తలనొప్పి వచ్చే పిల్ల. ఆ రాత్రి వంటలో కారం ఎక్కువైందని అందరూ అన్నారు.

జూన్ సభకు ముగ్గురే వచ్చారు. బడులు తెరిచే రోజులు దగ్గరికొచ్చాయి. పిల్లల తల్లులు నన్ను కూరగాయల బండి దగ్గర ఆపి, "ఎప్పుడు మొదలుపెడ్తరు? లేకుంటే కరాటేకు పంపుతం," అని అడుగుతున్నారు.

అప్పుడు పోశం ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రణాలి బల్లార్పూర్‌లో వాళ్ళమ్మను చూడటానికి పోయిన రోజున మా ఇంటికి వచ్చి, మా ఆయనను అడిగి మినిట్స్ పుస్తకం తీసుకుని, బండి మీద ఇల్లిల్లూ తిరిగాడు. సాయంత్రానికి తిరిగి వచ్చేసరికి ఏప్రిల్ ముసాయిదా కింద ఐదు సంతకాలు ఉన్నాయి. ఒకటి ఆశన్నది, ఒకటి పోశంది, ఒకటి మా ఆయనది. నాలుగోది శ్రావణ్‌కుమార్ బదులు రుక్కమ్మది. ఐదోది పెళ్ళికి పోయిన ఇంకో సభ్యుడి కోడలిది.

"ఇగ ఒక్క సెక్రటరీ సంతకమే," అన్నాడు పోశం, చాయ్ గ్లాసు కింద పెట్టి. "రేపు పొద్దున తాళం మీ ఇంటికొస్తది వదినమ్మా."

ప్రణాలి చీకటి పడక ముందే వచ్చింది. బస్సు దుమ్ము ముఖం మీద అలాగే ఉంది. పుస్తకం చూసింది. చదువుతుంటే ఆమె పెదవులు కదిలాయి.

"ఎవరు తీస్కపొమ్మన్నరు ఇది?"

"నేనే," అన్నారు మా ఆయన. "దొంగతనం లెక్క అడుగుతవేంది? కాలనీ పుస్తకం, కాలనీల తిరిగింది."

"బావా, ఇది సభ కాదు. వీళ్ళిద్దరు కమిటీల లేరు. ఉన్నా గూడ ఇంటింటికి పోయి తెచ్చుకున్నది సభ కాదు."

ఎల్లేష్‌కు విసుగొచ్చింది. "ఒక్క సంతకానికి ఎంత పంచాయతే! పెట్టరాదు?"

"నేను పెట్ట," అని ఆమె తల అడ్డంగా ఊపింది.

"అయితే విను," మా ఆయన గొంతు పెంచారు, "నీ అక్క క్లాసు నీవల్ల ఆగింది అంటరు రేపు. ఓర్వలేక ఆపింది అంటరు. మంచిగుంటదా?"

అత్త చాప మీద లేచి కూర్చుంది. అందరూ నా వైపు తిరిగారు. "నువ్వన్న చెప్పు ప్రసన్నా," అన్నారు మా ఆయన. "నీ పని గదా."

నేను ఆ పేజీ చూశాను. రుక్కమ్మ సంతకం కొత్తగా నేర్చుకున్న అక్షరాలతో పేజీ చివరిదాకా పోయింది. పైన 'మారుతి గారి ఇంటివారికి' అలాగే ఉంది. ఇన్ని వారాలుగా నాలో నలుగుతున్న మాట అప్పుడు అడిగాను.

"నువ్వు సంతకం పెడ్తే 'ఇంటివారికి' అనే ఖాయమైతది. అప్పుడు గది నీక్కూడ వస్తది. నీ ట్యూషను రేపే పెట్టుకోవచ్చు. నీకు వద్దా?"

ప్రణాలి కళ్ళు దించలేదు. "కావాలె అక్కా. పోయినేడు సంది అనుకుంటున్న. ఎవ్వరికీ చెప్పలే."

"మరి?"

"మరి రుక్కమ్మ పెద్దమ్మ కమిటీల లేదు గదా."

ఆమె స్వార్థపరురాలైతే నాకు ఎంత బాగుండేదో ఆ క్షణాన తెలిసింది. గది కావాలని ఉంది, దొరుకుతోంది, అయినా పెన్ను ముట్టుకోవడం లేదు. ఇంతకాలం ఆమె సీటును, ఆమె మరాఠీని, ఆమె పేరున ఉన్న ప్లాటును చూసి కుళ్ళుకున్నాను. అవి చిన్న సంగతులు.

"పుస్తకం లోపల పెట్టు," అన్నాను.

"అంటే?" అన్నారు మా ఆయన.

"సభల పాసైతే అయితది. లేకుంటే లేదు. రొట్టెలు చేస్తున్న, కాళ్ళు కడుక్కోండ్రి."

పోశం నన్ను ఒకసారి, ఆమెను ఒకసారి చూసి, "ఇద్దరూ ఇద్దరే," అని బండి తీశాడు. మా అత్త చాలాసేపు తల ఊపుతూనే ఉంది. మర్నాడు చూస్తే, ప్రణాలి ఆ సంతకాలను చింపలేదు, తుడవలేదు. చదవడానికి వీలుగా ఒక్క సన్నటి అడ్డగీత గీసి, పక్కన 'ఇది సభలో జరిగింది కాదు' అని రాసి, తేదీ వేసింది. ఆ పుస్తకంలో నేను చూసిన మొదటి కొట్టివేత అది. అదీ శుభ్రంగానే ఉంది.

నేను అక్షిత పాత మరాఠీ పుస్తకం ఒకటి తీసుకుని, మధ్యాహ్నాలు చూచిరాత మొదలుపెట్టాను. ఎవరైనా అడిగితే పిల్లకు సాయం అన్నాను.

ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. ఊళ్ళకు పోయినవాళ్ళంతా అలసిపోయిన ముఖాలతో తిరిగి వచ్చి, ఇళ్ళ ముందు వర్షపు నీళ్ళు ఊడ్చుకుంటున్నారు. ఆ నెల సభకు ఏడుగురు వచ్చారు. మూడు నెలల తర్వాత హాలులో కుర్చీలు చాల్లేదని పోశం బయటి నుంచి రెండు తెచ్చాడు.

పొద్దున బయల్దేరేటప్పుడు చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తూ మా ఆయనతో చెప్పాను. "చదివినంక లేచి అడుగుండ్రి. గది ప్రసన్నలక్ష్మికి అని."

"అడుగుత, అడుగుత. ఎన్నిసార్లు చెప్తవు?"

నేను గుమ్మంలో చాయ్ పళ్ళెంతో నిలబడ్డాను. ప్రణాలి ఏప్రిల్ ముసాయిదా మొత్తం చదివింది. మే, జూన్ సభలు కోరం లేక జరగలేదని కూడా చదివి వినిపించింది. తర్వాత పుస్తకం మీద నుంచి తలెత్తి, "దురుస్తీలు ఏమన్న ఉన్నయా?" అని అడిగింది.

ఆశన్న తలగోక్కున్నాడు. "నేనన్నది గదే. 'ఇంటోళ్ళకు' అనే అన్న. రాత సరిగ్గానే ఉన్నది."

"అయితే రాతల తప్పు లేదు," అంది ప్రణాలి. "అప్పుడు అన్నది ఇప్పుడు మార్చాలంటే అది దురుస్తీ కాదు మామా, కొత్త నిర్ణయం. ముందు ఇది పాస్ చేసి, తర్వాత ఎవరన్న సభ్యులు కొత్తగా అడగాలె."

చేతులు లేచాయి. పాసైంది. 'మసుదా' అన్న మాట మీద ఆమె గీత గీసింది, ఆశన్న సంతకం పెట్టాడు.

"ఇంకేమన్న విషయం ఉన్నదా?" అన్నాడు ఆశన్న.

ప్రణాలి మా ఆయన వైపు చూసింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఫోనులో ఏదో వీడియోను ముందుకు తోస్తున్నారు. పళ్ళెం అంచు నా కడుపుకు ఒత్తుకుంటోంది. ఆమె పెన్ను పుస్తకం మీద కాసేపు ఆగింది. ఆమె కూడా సభ్యురాలే. నోరు తెరిచి నా పేరు చెప్పవచ్చు. చెప్పలేదు. నేనైనా చెప్పేదాన్ని కాదు.

మా ఆయన తలెత్తారు. "ఏం లేదు తియ్యిండ్రి. ప్రసన్నా, చాయ్ తే."

సభ ముగిసింది. అందరూ చాయ్ తాగి, బాగుందన్నారు. అందరూ వెళ్ళేదాకా ఆగి, ఖాళీ గ్లాసులు పేరుస్తూ ఆశన్నను ఒక సంగతి అడిగాను. ఆయన ఆశ్చర్యపోయి, "అవును, ఉన్నది అట్ల," అన్నాడు.

మధ్యాహ్నం అందరం అన్నానికి కూర్చున్నాం. పుంటికూర పప్పు, జొన్నరొట్టెలు. బయట సన్నగా వాన. ఆశన్న పంపిన తాళంచెవి అత్త కొంగుకు ముడివేసుకుని ఉంది.

"లొల్లి ఎందుకు?" అంది అత్త. "పొద్దుగాల చిన్నది లెక్కలు చెప్తది. సాయంత్రం పెద్దది తెలుగు చెప్తది. ఇంటి గదే గదా."

"అమ్మ చెప్పింది మంచిగుంది," అన్నారు మా ఆయన, పప్పు కలుపుకుంటూ. "ఇదే ముచ్చట కాలనీల చెప్త."

"మీరేం చెప్పకుండ్రి," అన్నాను.

ఎల్లేష్ రొట్టె తుంచడం ఆపాడు.

"ఇప్పటికి అత్తమ్మ అన్నట్టే కానీయండ్రి. పిల్లలు ఆగరు. గాని దసరా అయినంక కమిటీ ఎన్నికలున్నయి. మీ పేరు పక్కన నన్ను సహసభ్యురాలిగ చేర్పిస్తున్న. భార్యను అట్ల చేర్చుకోవచ్చని ఆశన్న చెప్పిండు. ఆ ఎన్నికల మీ జాగల నేను నిలబడుత. గెల్చినంక మొదటి సభల ఆ తీర్మానం నా పేరు మీద మార్పిస్త."

మా ఆయన నవ్వారు. ఎవరూ కలవకపోవడంతో ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. "నా జాగలనా? దానికి నేను ఒప్పుకొని రాసియ్యాలె గదా."

"రాసిస్తరు."

"ఇయ్యకపోతే?"

"ఇస్తరు," అన్నాను మళ్ళీ. రొట్టె ఆయన కంచంలో వేశాను.

"ఇద్దరు కోడండ్లు ఒక్క కమిటీలనా?" అంది అత్త. "ఇల్లు నిలవడ్తదా?"

మా ఆయన నా వైపు తిరిగారు. ఈసారి గొంతులో నవ్వు లేదు. "నిలబడాలంటే సభ్యులెవరన్న పేరు చెప్పాలె. నీ పేరు ఎవరు చెప్తరు?"

"నేను చెప్త బావా," అంది ప్రణాలి.

కంచంలోంచి తలెత్తకుండా, ముద్ద మింగి, ముందే సిద్ధం చేసుకున్నట్టు అంది. ఎల్లేష్ ఆమెను మెచ్చుకోలుగా చూశాడు. అత్త ముఖం విచ్చుకుంది. అక్షిత పిన్నిని చూసి "కాకీ గ్రేట్," అంది. నా నిర్ణయం చెప్పి నిమిషం కాలేదు, అదీ ఆమె మంచితనంలోకి జమ అయిపోయింది.

"చెప్పు," అన్నాను. "గాని అప్పుడు కమిటీల సెక్రటరీ ఎన్నిక గూడ ఉంటది గదా. దానికి గూడ నేను నిలబడుత."

ఎల్లేష్ అత్త వైపు చూశాడు.

"మరాఠీల రాయాలె గద అక్కా," అంది ప్రణాలి.

"రాస్త."

అప్పుడు ఆమె తలెత్తింది. నా చేతుల వైపు, వేళ్ళకు అంటిన సిరా వైపు, తర్వాత నా ముఖం వైపు చూసింది. ఆ ఎండాకాలమంతా నేను ఆమెను ఎలా చూశానో, ఇంట్లో ఇంకెవరికీ తెలియని ఆ చూపుతోనే ప్రణాలి నన్ను మొదటిసారి చూసింది.